ఆలస్యంగా వచ్చిన నీలం

వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022 నవంబరులో ఒకే రోజున మొదలయ్యాయి. పాలమూరు పిల్లలకు ఎంబీబీఎస్ చదువు ఇంటి ముంగిట్లోకి వచ్చింది. మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో రక్తపు సీరంలో భాస్వరం ఎంతుందో కొలవడం ఒకటి. మన దేశపు ప్రాక్టికల్ పుస్తకాల్లో దాన్ని ఫిస్క్–సుబ్బారావ్ పద్ధతి అంటారు. పిల్లలు రికార్డులో ఆ పేరు రాస్తారు, గొట్టంలో నీలం రంగు వచ్చేదాకా ఆగుతారు, రీడింగు తీస్తారు, సంతకం పెట్టించుకుని బయటపడతారు.

ఆ పేరులోని సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బోదకాలు మందు, ఫోలిక్ ఆమ్లం, తొలి కేన్సర్ మందుల కథల్లో ఆయన పేరు చాలామందికి తెలుసు. వాటన్నిటికీ ముందు ఆయన చేసిన పని గురించి తెలిసినవాళ్ళు తక్కువ. మనిషి కండరం ఏ శక్తితో కదులుతుందన్న ప్రశ్నకు జవాబు ఆ నీలం రంగు గొట్టంలోనే దొరికింది. రంగు రావాల్సిన వేళకు రాకపోవడం వల్ల దొరికింది. తప్పుగా కనిపించిన ఒక రీడింగును పారబోయకుండా పట్టుకుని కూర్చున్న ఇద్దరు మనుషుల ఓపిక ఇందులో ఉంది. కొత్తగా ల్యాబులోకి అడుగుపెట్టే ప్రతి విద్యార్థికీ సిలబస్‌తో పాటు ఈ కథ కూడా చెప్పాలని నా పట్టుదల.

ముట్టుకుంటే మారిపోయే కండ

కండరాన్ని కొలవడంలో మొదటి చిక్కు ఏమిటంటే, కొలవడానికి ముట్టుకోగానే అది మారిపోతుంది. కోస్తే ముడుచుకుంటుంది. ముడుచుకుంటే లోపలి రసాయనాలు ఖర్చవుతాయి. ముక్కలు చేసి, నూరి, ఆమ్లంలో వేసేసరికి బతికి ఉన్నప్పటి సంగతి చాలావరకు చెరిగిపోతుంది.

పంతొమ్మిదో శతాబ్దమంతా కండరంలో లాక్టిక్ ఆమ్లం గురించి వాదోపవాదాలు జరిగాయి. ఒకరి లెక్క ఇంకొకరి లెక్కతో కలిసేది కాదు. విశ్రాంతిగా ఉన్న కండరంలోనూ ఆ ఆమ్లం బాగా ఉందని కొందరు, లేదని కొందరు. 1907లో కేంబ్రిడ్జిలో వాల్టర్ ఫ్లెచర్, ఫ్రెడరిక్ హాప్కిన్స్ ఆ గొడవ తేల్చారు. వాళ్ళు చేసిందల్లా కప్ప కండరాన్ని మంచులా చల్లబరచిన ఆల్కహాలులో వేసి, ఆ చలిలోనే నూరడం. అలా చేస్తే విశ్రాంతిగా ఉన్న కండరంలో లాక్టిక్ ఆమ్లం చాలా కొద్దిగానే ఉందని తేలింది. అంతకుముందు పరిశోధకులకు కనిపించిన ఆమ్లంలో ఎక్కువ భాగం కోత వల్ల, నూరడం వల్ల, అంటే కొలిచే పని వల్లే పుట్టింది.

ఆ పునాది మీద జర్మనీలో ఒట్టో మేయర్‌హాఫ్, ఇంగ్లండులో ఎ.వి.హిల్ కండరంలో పుట్టే వేడికీ లాక్టిక్ ఆమ్లానికీ లెక్క కట్టారు. 1922 సంవత్సరపు వైద్య నోబెల్ ఇద్దరికీ కలిపి వచ్చింది. చక్కెర విరిగి లాక్టిక్ ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లమే కండరం ముడుచుకునేలా చేస్తుంది అన్న నమ్మకం అప్పటి నుంచి గట్టిపడింది. కొలత బాగున్నా, దాని నుంచి తీసిన అర్థం మాత్రం పొరపాటు. ఆ సంగతి బయటపడటానికి భాస్వరాన్ని కొలిచే మంచి పద్ధతి ఒకటి పుట్టాల్సి వచ్చింది.

బోస్టన్‌లో ఒక తెలుగు డాక్టరు

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపు అందుకుని ఆపరేషన్ గదిలోనూ ఖద్దరే తొడుక్కున్నారు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డుకు అది నచ్చలేదు. చివరకు ఎంబీబీఎస్ పట్టాకు బదులు దానికంటే చిన్నదైన ఎల్‌ఎంఎస్‌తో ఆయన సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. తోడబుట్టిన ఇద్దరిని స్ప్రూ అనే పేగు జబ్బు రోజుల తేడాతో పొట్టనపెట్టుకుంది. జబ్బుల మూలం వెతకాలన్న తపనతో 1920ల తొలి ఏళ్ళలో బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తిపోసే పని చేశారు. ఆ తర్వాత హార్వర్డు వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

ఆ విభాగానికి పెద్ద ఒట్టో ఫోలిన్. రక్తంలో, మూత్రంలో ఉన్న పదార్థాలను రంగు చూసి కొలిచే విద్యలో ఆయన దిట్ట. కొద్దిపాటి రక్తంతోనే పని జరిగేది. ఏ పదార్థం ఎంతుందో తెలియాలంటే దానితో రంగునిచ్చే ఒక రసాయనం కలపాలి, తెలిసిన పరిమాణం ఉన్న ఇంకో గొట్టంతో ఆ రంగును పోల్చాలి. ఫిస్క్, సుబ్బారావు ఇదే దారిలో భాస్వరాన్ని పట్టుకోవాలనుకున్నారు.

ఫాస్ఫేట్‌తో మాలిబ్డేట్ కలిస్తే ఒక సంయోగ పదార్థం ఏర్పడుతుంది. దాన్ని క్షయకరణం చేస్తే చిక్కని నీలం వస్తుంది. ఈ సంగతి అప్పటికే తెలుసు, దాని ఆధారంగా పద్ధతులూ ఉన్నాయి. కానీ వాటిలో రంగు మెల్లగా రావడం, వచ్చింది నిలవకపోవడం, రక్తంలోని వేరే పదార్థాలు అడ్డు తగలడం లాంటి చిక్కులుండేవి. ఫిస్క్, సుబ్బారావు క్షయకరణానికి అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని ఎంచుకున్నారు. నీలం నిమిషాల్లో వచ్చింది, వచ్చింది నిలిచింది. 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఆ పద్ధతి అచ్చయింది. శాస్త్ర సాహిత్యంలో అత్యధికంగా ఉటంకించిన పత్రాల్లో ఒకటిగా అది నిలిచిపోయింది.

ఆనాటి కలరిమీటరులో డిజిటల్ అంకెలు ఉండేవి కావు. రెండు గాజు గిన్నెలు పక్కపక్కన ఉండేవి. ఒకదాంట్లో తెలిసిన ద్రావణం, రెండోదాంట్లో పరీక్షించాల్సింది. పైనుంచి ఒక్క కన్నుతో చూస్తే గుండ్రటి వెలుగు రెండు సగాలుగా కనిపించేది, ఒక సగం ఈ గిన్నెది, రెండో సగం ఆ గిన్నెది. మర తిప్పుతూ ద్రవం లోతు పెంచుతూ, తగ్గిస్తూ రెండు సగాల నీలాలూ ఒకటై మధ్య గీత మాయమయ్యేదాకా చూడాలి. అప్పుడు పక్కనున్న స్కేలు మీద లోతు చదివి లెక్క కట్టాలి. ఇంత పనీ చూసేవాడి కంటి మీద ఆధారపడేది. రంగు నిలకడగా ఉంటేనే ఆ కన్ను చెప్పిన మాట చెల్లుతుంది.

నీలం ఆగి ఆగి వస్తుంటే

పద్ధతి రక్తానికి బాగా పనిచేసింది. ఇక కండరం వంతు వచ్చింది. కండను ట్రైక్లోరోఅసెటిక్ ఆమ్లంతో కలిపి, మాంసకృత్తులు గడ్డకట్టాక వడపోసి, తేరిన నీటికి మాలిబ్డేట్, క్షయకారిణి కలిపారు. తెలిసిన ఫాస్ఫేట్ ఉన్న గొట్టం ఎప్పటిలాగే నిమిషాల్లో నీలమై స్థిరపడింది. కండరపు గొట్టం మాత్రం మొదట పేలవంగా ఉండి, నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. ఇప్పుడు చూస్తే ఒక లెక్క, కాసేపాగి చూస్తే ఇంకో లెక్క.

ఇలాంటి చోట ఎవరికైనా తట్టే ఆలోచన ఒకటుంది: కండరంలో రంగును అడ్డుకునే పదార్థం ఏదో ఉండి ఉంటుంది, రంగు పూర్తిగా వచ్చాక చివరి రీడింగు తీసుకుంటే సరిపోతుంది. అలా చేసుంటే చక్కటి అంకె ఒకటి వచ్చేది, పని ముగిసేది. నిజానికి కండరంలో బోలెడంత అకర్బన ఫాస్ఫేట్ ఉందని అప్పటివరకు పుస్తకాల్లో ఉన్న లెక్కలు అలా వచ్చినవే.

ఫిస్క్, సుబ్బారావు రెండో అవకాశాన్ని పట్టుకున్నారు. గొట్టంలో ఫాస్ఫేట్ మొదటే ఉండి రంగు రావడం మాత్రమే ఆలస్యమవుతోందా? లేక ఫాస్ఫేటే కొద్దికొద్దిగా పుడుతోందా? రెండోది నిజమైతే కండరంలో ఇంకేదో పదార్థానికి అంటుకుని ఉన్న భాస్వరం, గొట్టంలో పోసిన ఆమ్లానికీ మాలిబ్డేట్‌కూ తట్టుకోలేక విరిగిపోతోందన్నమాట. ప్రతి నిమిషం పెరిగే నీలం ఆ విరిగే వేగాన్ని చూపిస్తోంది. కొలవడానికి వాడిన రసాయనమే కొలవాల్సిన పదార్థాన్ని విరగ్గొడుతోంది. ఫ్లెచర్, హాప్కిన్స్ కప్ప కండరంలో పట్టిన చిక్కే ఇక్కడ ఇంకో రూపంలో ఎదురైంది.

వేగంగా రంగునిచ్చే పద్ధతి చేతిలో ఉండబట్టే ఆలస్యం అంత కొట్టొచ్చినట్టు కనిపించింది. అన్ని గొట్టాలూ నెమ్మదిగా నీలమయ్యే రోజుల్లో ఒక గొట్టం నెమ్మదితనాన్ని ఎవరు పట్టించుకుంటారు? పనిముట్టు సానబెట్టడంలో పడ్డ శ్రమకు ఇలా ఫలం దక్కింది.

ఆ విరిగే పదార్థాన్ని జాగ్రత్తగా వేరుచేసి చూస్తే అందులో ఒక ఫాస్ఫేట్‌కు ఒక క్రియాటిన్ చొప్పున కనిపించింది. క్రియాటిన్ కొత్తదేమీ కాదు. 1832లోనే ఫ్రాన్సులో షెవ్రేల్ దాన్ని మాంసం నుంచి తీశాడు. కండరంలో అది ఎందుకుందో దాదాపు వందేళ్ళ పాటు ఎవరికీ అంతుపట్టలేదు. 1927 ఏప్రిల్‌లో సైన్స్ పత్రికలో ఫిస్క్, సుబ్బారావు రాసిన చిన్న వ్యాసం ఆ ప్రశ్నను విప్పింది. విశ్రాంతిగా ఉన్న కండరంలో అకర్బన ఫాస్ఫేట్ అని లెక్కల్లో వేసుకుంటున్నదాంట్లో ఎక్కువ భాగం నిజానికి ఫాస్ఫోక్రియాటిన్ అని వాళ్ళు చెప్పారు. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో పనిచేయిస్తే అది తరిగిపోయింది, విశ్రాంతినిస్తే మళ్ళీ కూడింది.

అదే సమయంలో లండన్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగుల్టన్ దంపతులు కప్ప కండరంలో ఇదే పదార్థాన్ని సొంతంగా పట్టుకున్నారు. అలసిన కండరంలో అది తగ్గడం, తేరుకున్నాక పెరగడం వాళ్ళూ చూశారు. దానికి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. అందులో క్రియాటిన్ ఉందన్న గుర్తింపు మాత్రం బోస్టన్ నుంచి వచ్చింది.

కండరం చేసే చేబదులు

వనపర్తి మార్కెట్ యార్డులో వేరుశనగ బస్తాను హమాలీ వీపు మీదికి ఎత్తుకునే క్షణం చూడండి. మోకాళ్ళు వంగుతాయి, నడుము బిగుస్తుంది, ఒక్క ఊపులో బస్తా పైకి లేస్తుంది. ఆ ఊపులో తొడలకు కావాల్సిన శక్తి కన్నుమూసి తెరిచేలోపు కావాలి. ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్ళి, రక్తంలో ప్రాణవాయువు కలిసి, కండరంలో చక్కెర కాలేదాకా ఆగే వ్యవధి లేదు. కండరానికి నేరుగా శక్తినిచ్చేది ఏటీపీ (ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్) అనే పదార్థం; కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ పూర్తి బలంతో చేసే పనికి రెండు మూడు సెకన్లకు మించి చాలదు. అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తన దగ్గరున్న ఫాస్ఫేట్‌ను చేబదులుగా ఇస్తుంది. కాగితం లేదు, జామీను లేదు, అడగ్గానే ఇస్తుంది. హమాలీ బస్తా దించి ఊపిరి పీల్చుకునేటప్పుడు ఆ బాకీ తిరిగి తీరుతుంది. విశ్రాంతిలో ఉన్న కండరంలో ఏటీపీ కంటే ఫాస్ఫోక్రియాటిన్ మూడు నాలుగు రెట్లు ఉంటుంది. మరో ఏడెనిమిది సెకన్ల పనికి ఆ నిల్వ ఆసరా. వంద మీటర్ల పరుగు, బండ ఎత్తడం, బస్తా మోయడం మొదటి క్షణాల్లో దాని మీదే నడుస్తాయి.

ఈ చేబదులుతో మళ్ళీ నిండే ఏటీపీ అనే పదార్థం ఒకటుందని 1927లో ఎవరికీ తెలియదు. కండరంలోని భాస్వరమంతా లెక్క తేలలేదని ఫిస్క్, సుబ్బారావుకు మాత్రం తెలుసు. ఆ మిగులును వెతుకుతూ పోయి 1929లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో మేయర్‌హాఫ్ దగ్గర పనిచేసే కార్ల్ లోమన్ కూడా దాన్ని పట్టుకున్నాడు. ఆయన వ్యాసం కొన్ని వారాల ముందు అచ్చయింది, వీళ్ళది అక్టోబరులో సైన్స్‌లో వచ్చింది. రెండు బృందాలూ వేరువేరుగా చేసిన పని కాబట్టి గౌరవం ఇద్దరికీ దక్కాల్సిందే.

లోమన్ నడిచిన దారీ ఇలాంటిదే. కండరపు సారాన్ని ఆమ్లంలో మరగబెడితే ఏడు నిమిషాల్లో విడిపోయే భాస్వరం ఒకటి, ఎంతకీ విడవని భాస్వరం ఇంకొకటి ఉన్నాయని ఆయన గమనించాడు. 1928లో ఆ మొదటిదాన్ని పైరోఫాస్ఫేట్ అనుకున్నాడు. తర్వాతి ఏడాది సంగతి తేలింది. పైరోఫాస్ఫేట్ కండరంలో విడిగా లేదు, ఏటీపీ నుంచి తన ప్రయోగంలోనే విరిగి వస్తోంది. బోస్టన్‌లోనూ జర్మనీలోనూ గడియారం చూస్తూ కొలిచినవాళ్ళకే దారి దొరికింది.

పుస్తకాలు తిరగరాసిన రోజులు

1930లో కోపెన్‌హేగన్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్ కండరానికి అయోడోఅసెటేట్ అనే విషం ఇచ్చాడు. అది లాక్టిక్ ఆమ్లం తయారీని పూర్తిగా ఆపేస్తుంది. లాక్టిక్ ఆమ్లమే కండరం ముడుచుకునేలా చేస్తుందన్న సిద్ధాంతం నిజమైతే ఆ కండరం కదలకూడదు. అది కదిలింది. చాలాసార్లు ముడుచుకుంది. ముడుచుకున్నకొద్దీ ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోయింది, అది అయిపోయాక కండరం బిగుసుకుపోయి ఆగిపోయింది. నోబెల్ తెచ్చిపెట్టిన సిద్ధాంతం కూలింది. తన సిద్ధాంతమే కూలినా ఎ.వి.హిల్ నొచ్చుకోలేదు. 1932లో కండర శాస్త్రంలో వచ్చిన విప్లవం అనే శీర్షికతో దాన్ని ప్రపంచానికి తానే వివరించాడు. ఆ పెద్దమనసు కూడా ఈ కథలో భాగమే.

తర్వాతి అడుగులు వరసగా పడ్డాయి. 1934లో లోమన్ ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను ఎవరికి ఇస్తుందో తేల్చాడు. 1939లో సోవియట్ శాస్త్రవేత్తలు ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు కండరంలోని మయోసిన్ అనే మాంసకృత్తే ఏటీపీని విరగ్గొడుతుందని చూపించారు. 1941లో లిప్‌మన్ ప్రాణులన్నిటిలోనూ శక్తి మారకం ఈ ఫాస్ఫేట్ బంధాల ద్వారానే జరుగుతుందని వివరించాడు. మయోసిన్ ఎంత ఏటీపీని విరిచిందో తెలియాలంటే విడుదలైన ఫాస్ఫేట్‌ను కొలవాలి. ప్రపంచమంతటా ల్యాబుల్లో దశాబ్దాల పాటు ఆ పనికి చేతికందిన సాధనం ఫిస్క్–సుబ్బారావ్ పద్ధతే.

కండరం ముడుచుకునే తీరు 1954లో తేలింది. కండపోగును సూక్ష్మదర్శినిలో చూస్తే అడ్డంగా ముదురు, లేత చారలు కనిపిస్తాయి. ఒక చారల వరస పొడవు మిల్లీమీటరులో నాలుగైదు వందల వంతు. హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ కుందేలు కండరపు సన్నటి పోగులను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఏటీపీ చుక్క తగిలించారు. పోగు కుదించుకుంది. ముదురు చార పొడవు మాత్రం మారలేదు. అంటే లోపలి తంతువులు ముడుచుకోవడం లేదు, ఒకదాని మధ్యకు ఒకటి జారుతున్నాయి. ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కె బతికున్న పోగుల మీద అదే చూశారు. రెండు వ్యాసాలూ నేచర్ పత్రికలో ఒకే సంచికలో వచ్చాయి. జారడానికీ పట్టు వదలడానికీ ఏటీపీ కావాలి. ప్రాణం పోయాక శరీరం కొయ్యబారిపోవడానికి కారణం కూడా ఇదే. ఏటీపీ అయిపోయి, తంతువులు పట్టిన పట్టు విడవవు.

నేడు ఆసుపత్రుల్లో సీపీకే అని రాసే రక్తపరీక్ష ఈ కథలోంచే వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ చేబదులును నడిపించే ఎంజైము పేరది. కండర కణపు పొర చిరిగితే ఆ ఎంజైము రక్తంలోకి కారుతుంది. 1959లో జపాన్‌లో ఎబాషి బృందం కండర క్షీణత ఉన్న రోగుల రక్తంలో అది బాగా ఎక్కువగా ఉందని చూపింది. పదే పదే పడిపోతున్న, నేల మీద నుంచి లేవడానికి తొడల మీద చేతులు వేసుకుని పైకి పాకుతున్న మగపిల్లవాణ్ణి అమ్మానాన్నలు డాక్టరు దగ్గరికి తీసుకొస్తే, ఆయన రాసే తొలి పరీక్షల్లో ఇదొకటి.

నూరకుండా కొలవడం, కండరాన్ని అడిగి చెవిని కొలవడం

ముట్టుకుంటే మారిపోయే కండరాన్ని నూరకుండా కొలిచే రోజు 1974లో వచ్చింది. ఆక్స్‌ఫర్డులో రడ్డా, హౌల్ట్, వాళ్ళ సహచరులు అప్పుడే తీసిన ఎలుక కాలి కండరాన్ని అయస్కాంత క్షేత్రంలో పెట్టి భాస్వరపు సంకేతం విన్నారు. ఏటీపీకి, ఫాస్ఫోక్రియాటిన్‌కు, విడి ఫాస్ఫేట్‌కు వేరువేరు శిఖరాలు కనిపించాయి. ఆమ్లం లేదు, మాలిబ్డేట్ లేదు, నూరడం లేదు. సమయం గడిచేకొద్దీ ఫాస్ఫోక్రియాటిన్ శిఖరం తగ్గడం, ఫాస్ఫేట్ శిఖరం పెరగడం కళ్ళముందు కనిపించింది. 1927లో నీలం రంగు పెరిగే వేగం చూసి ఇద్దరు మనుషులు ఊహించి చెప్పినది, దాదాపు అర్ధశతాబ్దం తర్వాత యంత్రం తెర మీద గీసి చూపింది.

కండరాన్ని సరిగ్గా కొలవడం వచ్చాక దాన్ని సాక్షిగా పెట్టి ఇతర అవయవాలనూ కొలవొచ్చు. తల తిరుగుడుతో వచ్చే రోగి సంగతి తీసుకోండి. చెవి లోపల, వినికిడి భాగానికి పక్కనే, శరీరపు తూకాన్ని పసిగట్టే భాగం ఉంది. తల కదిలినప్పుడు అది క్షణంలో వెయ్యోవంతుల లెక్కన కళ్ళకూ మెడకూ ఆజ్ఞలు పంపుతుంది. పుర్రె ఎముక లోతుల్లో ఉన్న ఆ భాగాన్ని నేరుగా చూడలేం. వియన్నాలో రాబర్ట్ బరానీ చెవిలో చల్లటి నీళ్ళు, వేడి నీళ్ళు పోసి కళ్ళు ఎటు కొట్టుకుంటాయో చూసి దాన్ని పరీక్షించాడు. 1914 నోబెల్ ఆయనకు దక్కింది. 1992లో సిడ్నీలో కోలబాచ్, హల్మాగి ఇంకో దారి చూపారు. చెవిలో టక్కుమని పెద్ద శబ్దం వినిపిస్తే, చెవి వెనక నుంచి గొంతు గుంట దాకా దిగే మెడ కండరం 13 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఒక్క క్షణం పట్టు సడలిస్తుంది. చర్మం మీద అంటించిన ఎలక్ట్రోడుతో ఆ సడలింపును పట్టుకోవచ్చు. అటువైపు చెవి తూకపు భాగం దెబ్బతింటే ఆ సంకేతం పోతుంది.

ఈ పరీక్షలో ఒక కీలకమైన సంగతి ఉంది. రోగి మెడను పక్కకు తిప్పి కండరాన్ని బిగించి ఉంచాలి. మెడ వాలేసి తీరిగ్గా పడుకుంటే చెవి ఎంత ఆరోగ్యంగా ఉన్నా సంకేతం రాదు. ఎంత బిగిస్తే అంత పెద్దగా వస్తుంది. అందుకే పరీక్ష చేసేవాళ్ళు కండరం ఎంత బిగువుగా ఉందో కూడా చూసుకుంటారు. లేకపోతే నీరసంగా ఉన్న మెడను చూసి చెవి చెడిందనే ప్రమాదం ఉంది. కొలిచే వేళకు కండరం ఏ స్థితిలో ఉందో తెలియకుండా వచ్చిన అంకెకు అర్థం లేదన్నది ఫ్లెచర్, సుబ్బారావు, కోలబాచ్ ముగ్గురి ల్యాబులూ నేర్పిన పాఠం.

ఇక్కడ మనకు మిగిలిన పని

సుబ్బారావు 1940లో హార్వర్డు వదిలి లెడర్లీ సంస్థకు వెళ్ళారు. మందుల తయారీలో ఆయన చేసిన మహత్తర పనంతా అక్కడిదే. 1948 ఆగస్టులో 53 ఏళ్ళకే కన్నుమూశారు. 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. కండరపు శక్తి రహస్యం విప్పినందుకు నోబెల్ ఆయనకు గానీ, ఫిస్క్‌కు గానీ, లోమన్‌కు గానీ రాలేదు.

పాఠం మాత్రం పాతబడలేదు. ఈ రోజుల్లో యంత్రాలు సీరం భాస్వరాన్ని నీలం రంగు కూడా తెప్పించకుండా, మాలిబ్డేట్‌తో అతినీలలోహిత కాంతిలోనే చదివేస్తున్నాయి. కానీ తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకంలో భాగంగా పల్లె పీహెచ్‌సీలో తీసిన రక్తం జిల్లా ల్యాబు చేరాలంటే దారి, ఎండ, సమయం ఉన్నాయి. సీరం వేరుచేయకుండా ఆలస్యమైతే, లేక ఎర్రకణాలు చిట్లితే, వాటిలోని భాస్వరం బయటికి కారి రోగికి లేని ఎక్కువను రిపోర్టులో చూపిస్తుంది. యంత్రం తప్పు చేయలేదు, రక్తం దారిలో మారింది. నమూనా తీసిన వేళను సీసా మీద రాసే నర్సు, దాన్ని చదివే టెక్నీషియను ఆ తప్పును ఆపగలరు.

ఇంకో పెద్ద పని కూడా ఉంది. పాలమూరు కూలీల ఒళ్ళు దేశం నలుమూలలా కాలువలు తవ్వింది, ఆనకట్టలు కట్టింది, రోడ్లు వేసింది. మట్టి తట్టలు మోసిన ఆ తరం ఇప్పుడు వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ఊళ్ళలో ముసలితనంలో ఉంది. వాళ్ళ తొడల్లో ఎంత కండ మిగిలింది, పిడికిట్లో ఎంత బలముంది, నడుస్తుంటే తూలడం కండ తరిగిపోవడం వల్లా, లోచెవి బలహీనపడటం వల్లా? ఇవి కొలవడానికి ఆకాశమంత యంత్రాలు అక్కర్లేదు. పిడికిలి బలం చూపే డైనమోమీటరు, కండరం మందం చూపే అల్ట్రాసౌండ్, మెడకు అంటించే ఎలక్ట్రోడ్లు ఒక జిల్లా వైద్య కళాశాలకు అందనివి కావు. కావాల్సింది ఒకే తీరుగా, ఒకే వేళకు, కూలికి వెళ్ళి వచ్చిన రోజా, ఇంట్లో ఉన్న రోజా అని అడిగి రాసుకుంటూ, ఏళ్ళ తరబడి కొలిచే క్రమశిక్షణ. తేడాగా వచ్చిన లెక్కను కొట్టేయకుండా ఎందుకొచ్చిందో ఆలోచించే ఓపిక. ఆ రెండూ ఉంటే ఇక్కడి కళాశాలలు ఇక్కడి మనుషుల గురించి, ఇంకెక్కడా దొరకని విషయాలు ప్రపంచానికి చెప్పగలవు. ఆ పని మొదలుపెట్టాల్సింది ఈ జిల్లాల డాక్టర్లే, ఈ ఊళ్ళ భాషలోనే.